చూపు సముద్రాన్ని తాకే చోటు

శ్రీహరికోటలో శక్తిమంతమైన రాడార్లు ఉండగా, తూర్పుగా ఎగిరే జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌ను గమనించడానికి పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో కేంద్రం ఎందుకు? అది చాలక బ్రూనైలోనూ, ఇండోనేషియాలోని బియాక్‌లోనూ ఎందుకు? రాడార్ల బలం తక్కువై కాదు, మధ్యలో భూమి అడ్డొస్తుంది. ఎంత దూరంలో అడ్డొస్తుందో పదో తరగతి రేఖాగణితంతోనే చెప్పవచ్చు.

వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర మాత్రమే తాకే సరళరేఖ స్పర్శరేఖ. ఆ బిందువుకు కేంద్రం నుంచి వ్యాసార్థం గీస్తే అది స్పర్శరేఖకు లంబంగా ఉంటుంది. స్పర్శరేఖ ఉన్న ఏ లెక్కలోనైనా ముందు గీయాల్సింది ఈ వ్యాసార్థమే. అది గీయగానే దాగి ఉన్న లంబకోణ త్రిభుజం బయటపడుతుంది, సగం లెక్క అక్కడే తేలిపోతుంది.

నెల్లూరు జిల్లా మైపాడులో సముద్రపు ఒడ్డున నిలబడి తూర్పుకు చూడండి. మీ చూపు నీటిని ఒరుసుకుంటూ పోయే చోటే దిగంతం. ఆ చూపే స్పర్శరేఖ. త్రిభుజంలో ఒక భుజం భూమి వ్యాసార్థం, 6,371 కిలోమీటర్లు. కర్ణం దానికంటే మీ కంటి ఎత్తు మేర ఎక్కువ. పైథాగరస్ సూత్రం ప్రకారం దిగంతం దూరపు వర్గం, కంటి ఎత్తును భూమి వ్యాసంతో గుణించినంత. (వ్యాసానికి కంటి ఎత్తు కూడా కలపాలి గానీ అది లెక్కలోకి రానంత చిన్నది.) కంటి ఎత్తు 1.6 మీటర్లయితే దిగంతం కేవలం 4.5 కిలోమీటర్లు! అంతులేనిదనిపించే సముద్రంలో మనకు కనిపించేది అంతే. సులువుగా చెప్పాలంటే, మీటర్లలో ఉన్న ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి.

రాత్రి వేట నుంచి తిరిగొచ్చే పడవకు లైట్‌హౌస్ దీపం ఎప్పుడు కనబడుతుంది? దీపం 36 మీటర్ల ఎత్తున, పడవలో మనిషి కన్ను 2 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. దీపాన్నీ కంటినీ కలిపే గీత మధ్యలో ఒకచోట సముద్రాన్ని తాకుతుంది. అక్కడికి వ్యాసార్థం గీస్తే అటొకటి ఇటొకటి రెండు త్రిభుజాలు. దీపం వైపు 21.4, పడవ వైపు 5 కిలోమీటర్లు, మొత్తం 26 పైచిలుకు. గాలి కాంతిని కాస్త కిందికి వంచుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం దూరం నుంచే కనబడుతుంది.

ఇప్పుడు మళ్లీ శ్రీహరికోటకు రండి. రాకెట్ 180 కిలోమీటర్ల ఎత్తులో పోతుంటే ఇక్కడి నుంచి చూపురేఖ 1,525 కిలోమీటర్లు. నేల మీద కొలిస్తే దాదాపు 1,500. ఆపైన రాకెట్ దిగంతం కిందికి జారిపోతుంది. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో. ఇక్కడి చూపు తెగకముందే అక్కడి చూపు అందుకుంటుంది.

ఈ త్రిభుజాన్ని తిరగేసి భూమినే కొలిచినవాడు అల్ బిరూనీ అనే పండితుడు. సుమారు వెయ్యేళ్ల కిందట, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న నందన కోట దగ్గర ఒక కొండ ఎత్తు కట్టాడు. పైనుంచి దిగంతం ఎంత కోణం కిందికి కనబడుతుందో చూశాడు. ఆ కోణమూ, భూకేంద్రం దగ్గర త్రిభుజం చేసే కోణమూ సమానం. ఎత్తు, కోణం తెలిస్తే వ్యాసార్థం వచ్చేస్తుంది. మన 36 మీటర్ల లైట్‌హౌస్ నుంచి ఆ కోణం డిగ్రీలో అయిదో వంతు. సర్వేయర్ల థియోడలైట్‌కు అది సులువుగా అందే కొలత. కోస్తా బడుల పిల్లలతో ఈ ప్రయోగం చేయించాలని నా కోరిక.