విత్తనం రెండు కుండల్లో

విత్తనాలన్నీ ఒకే కుండలో దాస్తామా? దాచం. ఒక కుండకు పురుగు పడితే ఇంకో కుండ ఆదుకుంటుంది. ఇంట్లో కంప్యూటర్ సంగతీ అంతే.

పిల్లల ఫోటోలు, పొలం కాగితాల నకళ్లు, పొదుపు లెక్కలు. ఇవన్నీ కంప్యూటర్ లోపల హార్డ్ డిస్కులో ఉంటాయి. అది చెడిపోతే అన్నీ పోతాయి.

వైరస్ కూడా ఒక దొంగే. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసింది. తాళం తీయాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కాయి. ఆ దొంగ దారి మూసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే చిక్కారు.

మరి ఏం చెయ్యాలి?

1. అప్‌డేట్లు వాయిదా వెయ్యకూడదు.

2. పొడవైన పాస్‌వర్డ్ పెట్టాలి. ఎవరికీ చెప్పకూడదు.

3. వారానికొకసారి ముఖ్యమైనవన్నీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చెయ్యాలి. పని కాగానే దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ పట్టుకుంటుంది.

4. కాపీ తెరుచుకుంటోందా? అప్పుడప్పుడు చూసుకోవాలి.

కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అమ్మ ఫోటో పోతే ఏ అంగట్లో దొరుకుతుంది?