ఉపగ్రహ హెచ్చరికల్లో దోషసవరణ: ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సిమ్యులేషన్

కీలకపదాలు: దోషసవరణ సంకేతాలు, గగన్, జెమిని, విటర్బి పద్ధతి, సిమ్యులేషన్, యతిప్రాసలు.

1. ఉపోద్ఘాతం

2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. అటువంటి వార్త ఒడ్డున ఉన్నవారికి సెల్‌ఫోనులో చేరవచ్చు. బారువ, భావనపాడు, చింతపల్లి తీరాల నుండి వేటకు వెళ్ళిన పడవ పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించిన ‘జెమిని’ పరికరం 2019 అక్టోబరులో విడుదలైంది. గగన్ ఉపగ్రహాల సందేశాన్ని గ్రహించి, బ్లూటూత్ ద్వారా ఫోనుకు అందించడం దాని పని. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుండి వచ్చే సంకేతం బలహీనంగా ఉంటుంది. రొదలో బిట్లు తారుమారవుతాయి.

2. ఒక బిట్ విలువ

యూనికోడ్ పట్టికలో ‘క’కూ ‘గ’కూ ఒకే ఒక్క బిట్ తేడా. అది మారితే ‘కంప’ ‘గంప’ అవుతుంది. రెండూ అర్థవంతమైన పదాలే గనుక చదువరి దోషాన్ని పోల్చుకోలేడు. తాళపత్ర పరిష్కర్తలకు ఈ చిక్కు పరిచితమే. ఇదే మార్పు యతిస్థానంలో జరిగితే వర్గజయతి చెల్లుతుంది, గణాలూ చెడవు. లేఖకుని తప్పు దాగిపోతుంది. ప్రాసస్థానంలో జరిగితే మిగిలిన మూడు పాదాల హల్లు తప్పును పట్టివ్వడమే గాక సరైన అక్షరాన్నీ చెబుతుంది. దోషాన్ని గుర్తించడం వేరు, సవరించడం వేరు అన్న భేదానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ తెలుగు పాఠకునికి దొరకదు.

గగన్ సందేశంలో ఈ రెండు పనులకూ వేర్వేరు ఏర్పాట్లున్నాయి. సెకనుకు 250 బిట్ల సందేశంలో 8 ఆరంభసూచికకు, 6 సందేశరకానికి, 24 దోషగుర్తింపుకు పోగా అసలు విషయానికి మిగిలేవి 212. తెలుగు అక్షరసంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 24 బిట్లు గనుక, ఎనిమిది సంకేతాలకు మించి ఇందులో పట్టవు. ‘తుఫాను’ ఒక్కటే ఆరు సంకేతాలు! పూర్తి వాక్యాలకు బదులు సంక్షిప్త సంకేతం పంపి, ఫోనులో తెలుగు చేయడమే మితవ్యయమార్గం. సవరణకై, ప్రతి బిట్‌నూ దాని ముందున్న ఆరు బిట్లతో కలిపి రెండు సంకేతాలుగా మారుస్తారు. అందువల్ల 250 కాస్తా 500 అవుతాయి. స్వీకర్త వాటిని 1967లో ప్రకటితమైన విటర్బి పద్ధతిలో విప్పుతుంది.

3. సిమ్యులేషన్

ఈ రెట్టింపు భారం ఫలితమిస్తుందా? ఉపగ్రహం లేకుండానే పరీక్షించవచ్చు. యాదృచ్ఛిక బిట్లను సృష్టించి, సంకేతీకరించి, కృత్రిమ రొద కలిపి, విప్పి, తప్పులు లెక్కించాలి. గ్నూ ఆక్టేవ్‌లో ఇది కొద్ది పంక్తుల పని. లక్ష బిట్లకు ఒక తప్పు అనే స్థాయిలో, సంకేతం లేని ప్రసారంతో పోలిస్తే సుమారు 5 డెసిబెళ్ల ఆదా కనబడుతుంది. అంటే మూడోవంతు శక్తి చాలు. అయితే పది లక్షలకు ఒక తప్పు అనే స్థాయిలో నూరు తప్పులు చూడాలంటే పదికోట్ల బిట్లు నడపాలి. అప్పుడు వేగం ప్రధానమవుతుంది. ఎఎఫ్ఎఫ్3సిటి వంటి సీ ప్లస్‌ప్లస్ ఉపకరణాలు అందుకే పుట్టాయి. నిజమైన రేడియో సంకేతాన్ని పట్టదలచినవారికి గ్నూ రేడియో, దానిపై నిర్మితమైన జీఎన్ఎస్ఎస్-ఎస్‌డీఆర్ ఉన్నాయి. వీటి మూలకోడ్ బహిరంగం. కాబట్టి వేరొకరి ఫలితాన్ని అదే కోడ్‌తో, అదే ఆరంభసంఖ్యతో తిరిగి రాబట్టవచ్చు. లైసెన్సు ఖర్చు లేకపోవడం కంటె పరిశోధకునికి ఇదే పెద్ద లాభం.

ఒక జాగ్రత్త అవసరం. పై పరీక్షలో రొద ప్రతి బిట్‌నూ విడివిడిగా తాకుతుందని భావించాం. పడవ ఊగినప్పుడు సంకేతం క్షణకాలం తెగితే తప్పులు గుంపుగా వస్తాయి. విటర్బి పద్ధతి తడబడేది అక్కడే. నావిక్ సందేశంలో 584 సంకేతాలను 73 నిలువు వరుసలు, 8 అడ్డు వరుసల పట్టికలో పేర్చి క్రమం మార్చి పంపడానికి కారణమిదే. గగన్ సందేశంలో ఆ అమరిక లేదు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల పడవలకు వర్తించే ఫలితం కావాలంటే సిమ్యులేషన్‌లో గుంపు దోషాల నమూనాను చేర్చక తప్పదు.