వలకు చిక్కని ఎర్రమోసు

పుదుచ్చేరి పట్టణపు అంగడిలో సముద్రపు చేపలదే పెద్దపీట. అయినా సమీపంలోని ఊసుడు, బాహూరు వంటి పెద్ద చెరువుల వల్ల మంచినీటి చేపల పరిచయం కూడా ఈ ప్రాంతానికి అవసరమే. వాటిలో ఎర్రమోసు ఒకటి. దీనినే మృగాల్ అని కూడా అంటారు.

బొచ్చె నీటి పైపొరలోను, రోహు నడిమి పొరలోను మేత వెదకుతాయి. ఎర్రమోసు అడుగున కుళ్లిన ఆకులను, నాచును, సేంద్రియ పదార్థాన్ని తింటుంది. అందువల్లనే ఈ మూడింటినీ 4:3:3 పాళ్లలో కలిపి పెంచడం వాడుక. అడుగునే మేసే బంగారు తీగను ఎర్రమోసుగా భ్రమించి అదనంగా వదిలితే రెండింటికీ మేత చాలదు.

గుర్తింపు కష్టం కాదు. ఎర్రమోసు నోరు కొంత కిందివైపు తిరిగి ఉంటుంది. పెదవులకు రోహుకు ఉన్నట్లు అంచుకుచ్చులు ఉండవు. మీసాలు పొట్టివి, ఒకే జత. బంగారు తీగకు రెండు జతల మీసాలు, వీపున పొడవైన రెక్క ఉంటాయి. ఎర్రమోసు శరీరం సన్నగా, వెండి వన్నెతో ఉండి, పొట్ట కింది రెక్కలలో ఎరుపు ఛాయ కనిపిస్తుంది.

గాలం వేసేవారు చేప నోటిని చూచి ఎరను నిర్ణయించాలి. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దను చిన్న గాలానికి గుచ్చి, సీసపు గుండుతో ఎర నేలను తాకేటట్లు వదలండి. బెండు మునిగే వరకు వేచి ఉండక, మెల్లగా పక్కకు జరిగినా గమనించండి. చెరువు హక్కుదారు అనుమతి తప్పనిసరి. ఊసుడు చెరువును 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి నిబంధనలను ముందుగా విచారించండి.

రుణగ్రహీతలకు మరొక మాట. సాధారణ పెంపకంలో ఈ చేప మొదటి ఏడాది 600 నుండి 700 గ్రాములు తూగుతుంది. కాని అడుగునే ఉండడం వలన లాగుడు వలకు పూర్తిగా చిక్కదు. నీరు తీసివేస్తేనే పూర్తి పట్టుబడి సాధ్యం. వలలో వచ్చిన దానినే మొత్తం దిగుబడిగా లెక్కించి, చెరువును తక్కువ ధరకు అప్పగించి నష్టపోకండి. ముందుగా అడుగున గాలం వేసి చూడండి. అది తూకానికి బదులు కాకపోయినా, చెరువులో ఇంకా చేప ఉన్నదన్న సంగతి తెలుపుతుంది. బేరం ఆ తరువాత మాట్లాడండి.