చప్పుడు లేకుండా పోయే ట్యాంకరు

మా అపార్ట్‌మెంటు హైదరాబాద్ నిజాంపేటలో. అందరికీ కలిపి ఒకటే బోరు, ఎండలు ముదిరాయంటే ట్యాంకర్లు. సంఘం లెక్కలు చూసేది నేనే కాబట్టి నీళ్ళకి పోయే ప్రతి రూపాయీ నా చేతి మీదుగానే పోతుంది. కుళాయి కారితే నేల తడుస్తుంది, ఎవరో ఒకరు చూసి చెబుతారు. కమోడ్ వెనక ఫ్లష్ ట్యాంకు కారితే ఆ భాగ్యం కూడా లేదు. నీళ్ళు కమోడ్ లోపలి గోడని అంటుకుని పల్చగా జారి, అటునుంచి అటే డ్రైనేజీలోకి పోతాయి.

నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు పోతున్నాయనుకుందాం. రోజుకి 288 లీటర్లు, నెలకి 8,640. ఐదు వేల లీటర్ల ట్యాంకరు పూర్తిగా ఒకటి, రెండోదాంట్లో దాదాపు ముప్పాతిక! హైదరాబాద్‌లో 2021లో మొదలైన ఉచిత నీటి పథకం ఇంటికి నెలకి ఇస్తామన్నది 20,000 లీటర్లు. అందులో నలభై శాతానికి పైగా ఒక్క రబ్బరు వాషరు మింగేస్తుందన్నమాట. కృష్ణా నీళ్ళని నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసి నగరానికి తెచ్చుకుంటున్నాం. అవి ఎవరూ వాడకుండానే మురుగులో కలిసిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మా కింది ఫ్లాటు పిన్నిగారు ఒకరోజు, "రాత్రిళ్ళు బాత్రూంలో సన్నగా సుయ్‌మంటోందమ్మా, పైపులో గాలి పట్టిందేమో" అన్నారు. "గాలి కాదు పిన్నిగారూ, ట్యాంకు నిండుతూనే ఉంది, కారుతూనే ఉంది" అని మూత తీసి చూపించాను. లోపల ఉండేవి రెండే రెండు. ఒకటి నీళ్ళు లోపలికి వదిలేది. దానికి ఒక ఫ్లోట్ ఉంటుంది, నీటి మట్టంతో పాటు పైకి లేచి వాల్వుని మూసేస్తుంది. రెండోది మధ్యలో నిలువుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం. బటన్ నొక్కితే అది పైకి లేస్తుంది, దాని అడుగున రబ్బరు వాషరు ఉంటుంది. ఆ గొట్టమే పైన తెరుచుకుని ఉండి, మట్టం పెరిగిపోతే ఎక్కువైన నీళ్ళని కమోడ్‌లోకి దించేస్తుంది.

తప్పు ఈ రెండింటిలో ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా ఇరవై నిమిషాలు వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగితే కారుతున్నట్టే. తరవాత గోడకి ఉన్న యాంగిల్ కాక్ కట్టేసి, నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. అరగంటకి మట్టం గీత కిందకి దిగిందా, దోషం అడుగు వాషరుది. దిగకపోతే ఫ్లోట్ వైపుది.

ఫ్లోట్ సంగతి తేలిక. నీళ్ళు గొట్టం అంచుకి రెండు సెంటీమీటర్లు కింద ఆగాలి. ఫ్లోట్‌కి ఉన్న మర తిప్పితే మట్టం తగ్గుతుంది. అప్పటికీ ఆగకపోతే వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. పైన ట్యాంకు కడిగించిన మర్నాడు ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువ. కాక్ కట్టేసి, వాల్వు మూత విప్పి కడిగితే సరి. కింది అంతస్తుల్లో ఈ బెడద ఎక్కువ ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ళకి చదరపు సెంటీమీటరుకి కిలో బరువు ఒత్తిడి ఉంటుంది మరి.

అసలు పని అడుగు వాషరుతోనే. ఆ మధ్య గొట్టాన్ని ఎడమ వైపు పావు చుట్టు తిప్పి లాగితే చాలా మోడళ్ళలో పైకి వచ్చేస్తుంది. వాషరుని వేలితో తడిమి చూడండి: మన బోరు నీళ్ళ సున్నం తెల్లగా, గరుగ్గా పట్టి ఉంటుంది. గోటికి తగిలేంత గరుకున్నా చాలు, నీళ్ళు దారి చేసుకుంటాయి. వంటింట్లో ఉండే నిమ్మ ఉప్పుని గోరువెచ్చని నీళ్ళలో కలిపి అందులో ఒక గంట నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడవండి. వాషరు కూర్చునే చోటు కూడా తుడవాలి, చాలామంది అది వదిలేస్తారు. రబ్బరు వంకర పోయినా, సాగినా కొత్తది వేయాల్సిందే. కంపెనీ కంపెనీకి సైజు మారుతుంది కాబట్టి పాతదాన్ని చేత్తో పట్టుకుని శానిటరీ షాపుకి వెళ్ళండి. బాత్రూం యాసిడ్ మాత్రం ట్యాంకులో పోయకండి. క్లోరిన్ ఉన్న బిళ్ళలు కూడా రబ్బరుని తినేస్తాయి.

గొలుసు లాగే పాత ఇనప ట్యాంకులు మీలో కొందరు చూసే ఉంటారు. వాటిలో సైఫన్ ఉండేది. నీళ్ళు గొట్టం మెడ మీదుగా ఎక్కి దిగాలి, అడుగున వాషరు మూసే రంధ్రమే లేదు, కాబట్టి ఇలా కారేదీ లేదు. నీళ్ళు వృథా కాకూడదనే బ్రిటన్ 2001 జనవరి దాకా ఇళ్ళలో సైఫన్ ట్యాంకులనే పట్టుబట్టి వాడించింది. ఇప్పటి బటన్ ట్యాంకులు మంచివే, మూడు లీటర్లతోనో ఆరు లీటర్లతోనో పని కానిస్తాయి. కానీ అది వాషరు బాగున్నంత కాలమే.

గోడలో పూడ్చిన ట్యాంకైతే టైల్స్ పగలగొట్టాలని ప్లంబరు అంటే ఒప్పుకోకండి. బటన్ ప్లేటు ఊడదీస్తే లోపలి సామాను అంతా ఆ సందులోంచే బయటికి వస్తుంది. ఇంకొక్క మాట. పని మొదలుపెట్టే ముందు యాంగిల్ కాక్ తిరుగుతోందో లేదో చూసుకోండి. ఏళ్ళ తరబడి ముట్టుకోకపోతే అది బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే విరిగి బాత్రూం నీళ్ళమయం అవుతుంది. బిగిసిందని తోస్తే ముందు మేడ మీది ట్యాంకు వాల్వు కట్టించి, కాక్ మార్పించుకోండి, తరవాతే ట్యాంకు మూత తీయండి.