వార్తల్లో పదం: ఆర్డినెన్స్

చట్టాలు చేయాల్సింది చట్టసభలే. అయితే పార్లమెంటు సమావేశాలు లేని వేళ తక్షణ అవసరం వస్తే, మంత్రిమండలి సలహాపై రాష్ట్రపతి ఆర్డినెన్స్ తేవచ్చని రాజ్యాంగం 123వ అధికరణ అనుమతిస్తోంది. రాష్ట్రాల్లో 213వ అధికరణ కింద ఈ అధికారం గవర్నర్‌ది. ఆర్డినెన్స్‌కు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. కానీ అది ప్రాథమిక హక్కులను హరించరాదు. సభలు తిరిగి సమావేశమైన ఆరు వారాల్లోగా ఆమోదం పొందకపోతే దాని గడువు తీరినట్టే.

బిహార్‌లో 1967-81 మధ్య 256 ఆర్డినెన్సులను చట్టాలుగా మార్చకుండా పదేపదే జారీ చేశారు. కొన్నింటిని ఏకంగా 14 ఏళ్ల దాకా నడిపించారు. డి.సి.వాధ్వా కేసులో 1986లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుబట్టింది. ఇలా మళ్లీ మళ్లీ జారీ చేయడం రాజ్యాంగాన్ని వంచించడమేనని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. ఆర్డినెన్స్ అత్యవసర సాధనమే తప్ప, చర్చను తప్పించుకునే దొడ్డిదారి కారాదు.