ఫ్యాక్టరీ రెడీ.. మరి పనిచేసేవాళ్లేరీ? విదేశాల్లో ప్లాంట్ పెట్టే కంపెనీలకు అసలు తలనొప్పి ఇదే!

స్థలం దొరికింది. పెట్టుబడి వచ్చింది. ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. మెషీన్లు కూడా ఓడ దిగాయి. కానీ వాటిని బిగించి, నడిపించే పనిమంతులు మాత్రం దొరకట్లేదు. ప్రపంచంలోనే పెద్ద కంపెనీలను సైతం కొన్నేళ్లుగా వేధిస్తున్న సమస్య ఇది. అమెరికాలో తైవాన్ చిప్ కంపెనీకి, కొరియా బ్యాటరీ కంపెనీకి ఎదురైన అనుభవాలు చూస్తే విషయం ఈజీగా అర్థమవుతుంది.

అరిజోనాలో ఏం జరిగింది?

ఐఫోన్లలో వాడే చిప్‌లను తయారుచేసేది తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో 12 బిలియన్ డాలర్లతో ప్లాంట్ పెడతామని 2020 మే నెలలో ఈ కంపెనీ ప్రకటించింది. 2024లో ప్రొడక్షన్ మొదలుపెట్టాలన్నది టార్గెట్.

అయితే 2023 జులైలో అప్పటి చైర్మన్ మార్క్ లియు బాంబు పేల్చారు. ప్రొడక్షన్ 2025కు వాయిదా పడుతుందని చెప్పారు. కారణం డబ్బు కాదు. చిప్ ప్లాంట్‌లో మెషీన్లు బిగించే అనుభవం ఉన్న స్కిల్డ్ వర్కర్లు సరిపడా లేరట! అందుకే తైవాన్ నుంచి టెక్నీషియన్లను కొంతకాలం రప్పిస్తామన్నారు.

అమెరికాలో ఫిట్టర్లు లేరా?

ఉన్నారు. కానీ చిప్ ప్లాంట్ పని వేరు. అక్కడ గాలిలో కంటికి కనిపించని దుమ్ము కణం కూడా ఉండకూడదు. పైపుల్లో వెళ్లే నీళ్లు, గ్యాస్‌లు అత్యంత స్వచ్ఛంగా ఉండాలి. ఒక్క జాయింట్ తేడా కొట్టినా చిప్‌లు పాడైపోతాయి. మామూలు బిల్డింగ్‌లో పైపు బిగించిన చేయి ఎంత మంచిదైనా, ఈ పనిని మళ్లీ నేర్చుకోవాల్సిందే.

తైవాన్‌లో ఇలాంటి ప్లాంట్లు ఒకదాని తర్వాత ఒకటి కడుతూనే ఉంటారు. కాబట్టి ఒక ప్లాంట్‌లో చేయి తిరిగిన టీమ్ నేరుగా ఇంకో ప్లాంట్‌కు వెళ్తుంది. మెషీన్ ఏ శబ్దం చేస్తే ఏం తేడా ఉందో, ఏ స్టెప్ దగ్గర జాగ్రత్తపడాలో వాళ్లకు అనుభవంతో తెలుస్తుంది. మాన్యువల్‌లో అవన్నీ ఉండవు. పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

యూనియన్ల వాదన ఏంటి?

కంపెనీ మాటను స్థానిక కార్మిక సంఘాలు ఒప్పుకోలేదు. తమకు స్కిల్ లేదనడం అబద్ధమని, చౌకగా బయటివాళ్లను తెచ్చుకోవడానికే ఇదంతా అని మండిపడ్డాయి. ఆలస్యానికి మేనేజ్‌మెంట్ తీరు, సైట్‌లో సేఫ్టీ లోపాలే కారణమన్నాయి. దాదాపు 500 మంది తైవాన్ వర్కర్లకు వీసాలు ఇవ్వొద్దంటూ పైపు ఫిట్టర్ల యూనియన్ సంతకాల సేకరణ కూడా చేపట్టింది.

చివరికి 2023 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. ట్రైనింగ్, సేఫ్టీ విషయంలో కంపెనీ, యూనియన్లు కలిసి పనిచేయాలి. ప్రత్యేక అనుభవం అవసరమైన చోట మాత్రం బయటివాళ్లను తెచ్చుకోవచ్చు. ఇదీ ఒప్పందం.

మరి సమస్య ఎలా దారికొచ్చింది?

టీఎస్‌ఎంసీ మూడు పనులు చేసింది.

* రప్పించడం: తైవాన్ నుంచి అనుభవం ఉన్న ఇంజినీర్లు, టెక్నీషియన్లను అరిజోనాకు తీసుకొచ్చింది.
* పంపించడం: అమెరికాలో చేర్చుకున్న వందల మంది ఇంజినీర్లను తైవాన్‌లోని తైనాన్‌కు పంపి నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చింది.
* నేర్పించడం: ఫీనిక్స్ ప్రాంతంలోని మారికోపా కమ్యూనిటీ కాలేజీల్లో 10 రోజుల టెక్నీషియన్ కోర్సు 2022లోనే మొదలైంది. 2024లో పనిచేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ కూడా వచ్చింది.

ఫలితంగా 2024 చివరి 3 నెలల్లో 4 నానోమీటర్ చిప్‌ల ప్రొడక్షన్ మొదలైంది. క్వాలిటీ తైవాన్ ప్లాంట్ల స్థాయిలోనే ఉందని కంపెనీ చెప్పింది. 2025 మార్చిలో అమెరికా పెట్టుబడిని మొత్తం 165 బిలియన్ డాలర్లకు పెంచుతామని ప్రకటించింది. అంటే అప్పటి రేటు ప్రకారం దాదాపు 14 లక్షల కోట్ల రూపాయలు.

అలాగని గొడవలు పూర్తిగా ఆగలేదు. తైవాన్ వాళ్లకే ప్రాధాన్యం ఇస్తున్నారంటూ కొందరు 2024లో కోర్టుకెక్కారు.

జార్జియాలో సంకెళ్లు

ఇక రెండో ఘటన ఇంకా సీరియస్. జార్జియా రాష్ట్రంలోని ఎలాబెల్‌లో హ్యుందాయ్, ఎల్‌జీ ఎనర్జీ సొల్యూషన్ కలిసి బ్యాటరీ ప్లాంట్ నిర్మాణం చేపట్టాయి. 2025 సెప్టెంబర్ 4న అక్కడ ఇమ్మిగ్రేషన్ అధికారులు మెరుపుదాడి చేశారు. 475 మందిని అదుపులోకి తీసుకున్నారు. వాళ్లలో 300 మందికి పైగా కొరియన్లే. చేతులకు, కాళ్లకు, నడుముకు సంకెళ్లు వేసి తీసుకెళ్లిన వీడియోలు కొరియాలో కలకలం రేపాయి. వారం తర్వాత ప్రత్యేక విమానంలో స్వదేశానికి చేరారు. దీంతో ప్లాంట్ కనీసం 2, 3 నెలలు ఆలస్యమవుతుందని హ్యుందాయ్ సీఈవో హోసే మున్యోజ్ చెప్పారు.

హెచ్-1బీ తీసుకోవచ్చు కదా?

తెలుగువాళ్లకు బాగా తెలిసిన వీసా ఇది. కానీ ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఎందుకంటే హెచ్-1బీకి లాటరీ ఉంటుంది. మార్చిలో అప్లై చేస్తే అక్టోబర్‌లో గానీ పనిలో చేరలేరు. పైగా సాధారణంగా డిగ్రీ అవసరమైన ఉద్యోగాలకే ఇస్తారు. మెషీన్ బిగించే టెక్నీషియన్‌కు ఉండేది అనుభవం. అతనితో పని కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు.

అందుకే చాలామంది బీ-1 బిజినెస్ వీసా మీద, లేదా వీసా అక్కర్లేని స్వల్పకాల పర్మిషన్ మీద వెళ్తారు. విదేశాల్లో కొన్న మెషీన్‌ను బిగించి, నేర్పించి రావడానికి బీ-1 పనికొస్తుంది. కట్టుబడి పనులు చేయడానికి మాత్రం కుదరదు. సైట్‌లో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందన్న దగ్గరే చిక్కు. దాడి తర్వాత రెండు దేశాలు చర్చలు జరిపాయి. మెషీన్లు బిగించడం, రిపేర్ చేయడం లాంటి పనులు ఈ రెండు పర్మిషన్ల మీదా చేయొచ్చని సెప్టెంబర్ చివర్లో క్లారిటీ ఇచ్చాయి.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఏపీలోని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంట్ కోసం 2017లో ఒప్పందం జరిగితే, 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. అప్పుడు కొరియా నిపుణులు వచ్చి ఇక్కడే ఉన్నారు. వాళ్ల కోసం ఆ చుట్టుపక్కల కొరియన్ హోటళ్లు కూడా వెలిశాయి. మరోవైపు స్థానిక యువతకు ట్రైనింగ్ ఇచ్చి పనిలోకి తీసుకున్నారు.

అదే బయటి నిపుణులు మధ్యలో వెళ్లిపోతే? ఇండియాలోని ఐఫోన్ ఫ్యాక్టరీల నుంచి వందల మంది చైనా ఇంజినీర్లను ఫాక్స్‌కాన్ వెనక్కి పంపిందని 2025 జులైలో వార్తలొచ్చాయి. కొత్త లైన్లు వేసేటప్పుడు నేర్పించేవాళ్లు తగ్గుతారన్న ఆందోళన అప్పుడే మొదలైంది.

ఉద్యోగం చూస్తున్నవాళ్లు ఏం గమనించాలి?

కొత్త ప్లాంట్‌లో మొదటి బ్యాచ్‌లో చేరినవాళ్లకు విదేశీ నిపుణుల పక్కన నిలబడి నేర్చుకునే ఛాన్స్ ఉంటుంది. తర్వాత వచ్చేవాళ్లకు నేర్పాల్సింది వీళ్లే. కాబట్టి ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లు జీతంతో పాటు ట్రైనింగ్ ఎక్కడ, ఎన్ని నెలలు, ఎవరు ఇస్తారన్నది కూడా అడిగి తెలుసుకోవాలి.

విదేశీ సైట్‌కు వెళ్లే ఛాన్స్ వస్తే మాత్రం ఒకటికి రెండుసార్లు చెక్ చేసుకోవాల్సిందొకటుంది. వీసాలో రాసిన పని, అక్కడ చేయబోయే పని ఒకటేనా? తేడా ఉంటే కంపెనీకి పోయేది కొన్ని నెలల టైమ్. సంకెళ్లు పడేది మాత్రం వర్కర్ చేతికే!