మాడిన గింజల సాక్ష్యము

వేసవి ముగియకమునుపే పెంటదిబ్బను త్రవ్వి, బండ్లతో ఎరువును పొలమునకు తోలు ఆచారము తెలుగు పల్లెలలో నేటికిని పలుచోట్ల కానవచ్చును. పేడ పైరునకు బలమని మానవుడు ఎన్నడు కనుగొనెను? ఐరోపాఖండమున ఈ వాడుక ఇనుపయుగమునందో, రోమనుల కాలమునందో మొదలయ్యెనని పండితులు చాలకాలము తలచిరి. రోమనులైన కేటో, కొలుమెల్లాలు తమ గ్రంథములలో ఎరువులను గూర్చి వ్రాసిరి. వారికి వేలయేండ్లకు పూర్వపు రైతులు వ్రాత యెరుగరు. పేడయా, మట్టిలో కలిసిపోవునది. ఇక సాక్ష్యము చెప్పువారెవరు?

చెప్పినవి మాడిన గింజలు. పొయ్యికడ ఏమరుపాటువలననో, ఇల్లు తగులబడుటవలననో బొగ్గయిన గింజ మట్టిలో క్రుళ్లదు. ఆనాటి ఇల్లాలికి నష్టమైనది నేటి శాస్త్రజ్ఞునకు నిధి.

ఆ గింజలో కొంత నత్రజని నిలిచియుండును. నత్రజని పరమాణువులు రెండు విధములు: ఒకదాని బరువు 14, రెండవదాని బరువు 15. పేడ నిలువయున్నప్పుడు అందుండి అమ్మోనియా వాయువు లేచిపోవును. దిబ్బకడ ముక్కు మూసికొనజేయు ఘాటు అదియే. అట్లు పోవునప్పుడు తేలిక పరమాణువులే ఎక్కువగా పోవును. మిగిలిన ఎరువునందు బరువైనవాని పాలు హెచ్చును. పైరు దానినే పీల్చుకొనును. ఇంగ్లండునందలి రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1843 నుండి ఒక మడికి ఏటేట పశువుల యెరువు వేయుచు, మరియొక మడికి ఏమియు వేయక గోధుమ పండించుచున్నారు. ఆ మళ్ల గింజలను పోల్చిచూడగా ఈ భేదము స్పష్టపడినది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఏమీ బొగార్డును, ఆమె సహచరులును ఐరోపాలోని 13 కొత్తరాతియుగపు స్థలములలో దొరికిన దాదాపు 2,500 మాడిన గింజలను పరీక్షించి, 2013 లో ఫలితమును ప్రకటించిరి. అవి క్రీ. పూ. 5900కును 2400కును నడుమ పండిన ధాన్యములు, పప్పుగింజలు. వానిలో పెక్కింటియందు ఎరువు జాడ కానవచ్చెను.

ఇందుండి మరియొక సంగతి తేలినది. తొలి రైతులు పోడు నరికి, సారము తీరగానే వేరొకచోటికి పోయెడివారని కొందరు వాదించియుండిరి. కాని పేడ సారము ఒక్కయేటితో తీరదు. ఈ యేడు మోసిన గంప ఫలము పలు సంవత్సరములు వచ్చును. నడుము విరుగ మోసి బాగుచేసిన నేలను ఎవడు విడిచిపోవును? అది బిడ్డలకు దక్కవలెనని కోరుకొనుట సహజము. పొలము ఆస్తియగుటకు పేడగంపయు ఒక కారణమైయుండునని ఆ పరిశోధకుల యభిప్రాయము.

తెలుగునేలపై పేడ మరియొక విధముగా నిలిచినది. పాలమూరు ప్రాంతమునందలి ఉట్నూరుకడ రేమండ్ ఆల్చిన్ 1957 లో ఒక బూడిదదిబ్బను త్రవ్వించెను. అచ్చటి కొత్తరాతియుగపు పశుపాలకులు దొడ్డిలో పేరుకొన్న పేడను మరల మరల తగులబెట్టిరి. ఆ బూడిదపొరలలో పశువుల గిట్టల గుర్తులు సైతము చెదరక యుండెను.